సన్నబడే సూదికి చీటీ తప్పనిసరి

2025 మార్చిలో అమెరికా కంపెనీ ఎలీ లిల్లీ ‘మౌన్‌జారో’ ఇంజెక్షన్‌ను మన దేశంలో అమ్మకానికి పెట్టింది. జూన్‌లో డెన్మార్క్ కంపెనీ నోవో నార్డిస్క్ ‘వెగోవీ’ని తెచ్చింది. డిసెంబరుకల్లా ‘ఓజెంపిక్’ కూడా వచ్చేసింది. వారానికోసారి పొట్ట మీదో తొడ మీదో చర్మం కింద తీసుకునే మందులివి. మొదటిదానిలో ఉన్నది టిర్జెపటైడ్, మిగతా రెండింటిలో సెమాగ్లుటైడ్. సెమాగ్లుటైడ్‌కు మన దేశంలో పేటెంట్ గడువు 2026 మార్చి వరకే. ఆ తేదీ కోసం దేశీయ కంపెనీలు చాలా ముందునుంచే సిద్ధమయ్యాయి. హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ ఈ మందును ఇక్కడ తయారుచేసి, పేటెంట్ లేని దేశాలకు ఎగుమతి చేసుకోవడానికి 2025 డిసెంబరులో దిల్లీ హైకోర్టు అడ్డు చెప్పలేదు.

ఇక ధరలు తగ్గడం, పేర్లు పెరగడం, మందు పట్టణాల నుంచి మండల కేంద్రాల మెడికల్ షాపులకు చేరడం సహజంగా జరిగిపోతాయి. మాట అంతకన్నా ముందే చేరింది. పెళ్లికి రెండు నెలల ముందు మొదలుపెడితే చాలట అనేవారు ఉన్నారు. డాలస్‌లో ఉన్న కూతురు వాడుతోంది, వచ్చేటప్పుడు నాకూ తెమ్మన్నాను అనే తల్లులు ఉన్నారు. జిమ్‌లో శిక్షకుడు చెప్పాడని వాడేవారు, చుట్టాలావిడకు పన్నెండు కిలోలు తగ్గిందని విని షాపుకు వెళ్లేవారు తయారవుతున్నారు. మందు మంచిదే. కానీ దాన్ని జబ్బుకు వైద్యంగా కాకుండా అందానికి సరుకుగా అమ్మే మార్కెట్ మన చుట్టూ ముందే సిద్ధంగా ఉంది. భయపడాల్సింది ఆ మార్కెట్‌ను చూసి.

బరువు తగ్గించే మందుల గత చరిత్ర ధైర్యం చెప్పేది కాదు. 1933లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు డైనైట్రోఫినాల్ అనే రసాయనం మనిషి బరువును వేగంగా తగ్గిస్తుందని ప్రకటించారు. మొదటి ప్రపంచయుద్ధంలో పేలుడు పదార్థాల తయారీలో వాడిన రసాయనం అది. ఒంట్లో శక్తిగా మారాల్సిన ఆహారాన్ని ఉత్త వేడిగా మార్చేస్తుంది. డాక్టరు చీటీ అవసరం లేకుండానే అమెరికాలో జనం విరివిగా కొనుక్కున్నారు. వయసులో ఉన్న స్త్రీలకు కళ్లలో శుక్లాలు వచ్చాయి. ఒంటి వేడి అదుపు తప్పి కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1938లో అమెరికా ఆహార, ఔషధ చట్టాన్ని కట్టుదిట్టం చేశాక గానీ ఆ అమ్మకం ఆగలేదు. అదే పొడి ఇప్పటికీ ఇంటర్నెట్‌లో దొంగచాటుగా దొరుకుతూ ప్రాణాలు తీస్తోంది.

తర్వాత ఆంఫెటమైన్ల కాలం నడిచింది. అవి ఆకలిని చంపాయి, అలవాటుగా మారి మనుషుల్ని వదల్లేదు. 1990లలో ఫెన్‌ఫ్లూరమైన్, ఫెంటర్మైన్ అనే రెండు మందుల్ని కలిపి రాసే పద్ధతి అమెరికాలో ఊపందుకుంది. 1997 వేసవిలో మేయో క్లినిక్ వైద్యులు, ఇవి వాడిన 24 మంది స్త్రీల గుండె కవాటాలు దెబ్బతిన్నాయని బయటపెట్టారు. సెప్టెంబరులో ఫెన్‌ఫ్లూరమైన్‌ను మార్కెట్ నుంచి తీసేశారు. 2006లో యూరప్‌లో అనుమతి పొందిన రిమోనబాంట్ మనుషుల్ని కుంగుబాటులోకి, ఆత్మహత్య ఆలోచనల్లోకి నెడుతోందని తేలి రెండేళ్లకే ఆగిపోయింది. మన ప్రభుత్వం దాన్ని 2009 డిసెంబరులో నిషేధించింది. ఆ తర్వాతిది సిబుట్రమైన్. సుమారు పదివేల మంది మీద జరిగిన ‘స్కౌట్’ అధ్యయనంలో, అప్పటికే గుండెజబ్బో మధుమేహమో ఉన్నవారికి ఇది గుండెపోటు, పక్షవాతం ముప్పును 16 శాతం పెంచుతోందని తేలింది. 2010లో యూరప్, అమెరికా, 2011 ఫిబ్రవరిలో మన దేశం దాన్ని ఆపేశాయి. 2020లో లోర్కసెరిన్ వంతు వచ్చింది. దాన్ని వాడినవారిలో క్యాన్సర్లు ఎక్కువగా కనిపించడంతో అమెరికాలో వెనక్కి తీసుకున్నారు.

వీటిలో ఎక్కువ భాగం నియంత్రణ సంస్థల అనుమతితో, పెద్ద కంపెనీల పేరుతో, డాక్టర్ల చేతుల మీదుగా వచ్చినవే. జనం వాడడం మొదలుపెట్టిన తర్వాతే నష్టం బయటపడింది. చాలామంది వాటిని వాడింది ప్రాణం నిలుపుకోవడానికి కాదు, అద్దంలో తేడా కనిపించడానికి. చావుబతుకుల్లో ఉన్న క్యాన్సర్ రోగికి మందు ఇచ్చేటప్పుడు కొంత నష్టాన్ని ఒప్పుకుంటాం. ఆరోగ్యంగా ఉన్న అమ్మాయికి ఆరు కిలోలు తగ్గించడానికి ఎంత నష్టాన్ని ఒప్పుకోవచ్చు? నా దృష్టిలో ఏమాత్రమూ కాదు.

ఈ కొత్త తరం మందులు పాతవాటితో కలిపేసి తోసిపుచ్చదగినవి మాత్రం కావు. మనం తిన్నాక పేగుల నుంచి జీఎల్‌పీ-1 అనే హార్మోన్ విడుదలవుతుంది. ఇన్సులిన్ విడుదల చేయమని క్లోమానికి చెబుతుంది, జీర్ణాశయం ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తుంది, ఇక చాలని మెదడుకు కబురు పంపుతుంది. అయితే నిమిషాల్లోనే కరిగిపోతుంది. దీన్ని పోలిన పదార్థం అమెరికా ఎడారుల్లో తిరిగే గీలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి విషంలో దొరికింది. న్యూయార్క్‌కు చెందిన శాస్త్రవేత్త జాన్ ఎంగ్ 1992లో దాన్ని గుర్తించాడు. ఆ దారిలోనే 2005లో ఎక్సెనటైడ్ అనే షుగర్ మందు వచ్చింది. తర్వాత అణువు నిర్మాణాన్ని మారుస్తూ పోయి, వారానికొక్కసారి తీసుకుంటే చాలన్న స్థాయికి శాస్త్రవేత్తలు తెచ్చారు. షుగర్ రోగుల కోసం తయారైన మందు వాళ్ల బరువునూ తగ్గిస్తోందని గమనించాకే, ఊబకాయానికి వాడే ఆలోచన బలపడింది.

ఫలితాలు నిజంగానే పెద్దవి. 2021లో వెలువడిన ‘స్టెప్-1’ అధ్యయనంలో 1,961 మంది పాల్గొన్నారు. 68 వారాల తర్వాత సెమాగ్లుటైడ్ వాడినవారు సగటున 14.9 శాతం బరువు తగ్గారు. ఉత్త సూది తీసుకున్నవారు తగ్గింది 2.4 శాతమే. టిర్జెపటైడ్ ఎక్కువ మోతాదులో 72 వారాలు వాడినవారు సుమారు 21 శాతం తగ్గారు. ఇంతకుముందు ఇంతటి ఫలితం కావాలంటే కడుపు కోసి చేసే శస్త్రచికిత్సే దారి. నాకు అంతకన్నా ముఖ్యమనిపించేది 2023లో వచ్చిన ‘సెలెక్ట్’ అధ్యయనం. అధిక బరువుతో పాటు అప్పటికే గుండె, రక్తనాళాల జబ్బు ఉండి, షుగర్ లేని 17,604 మందిలో సెమాగ్లుటైడ్ గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాల ముప్పును 20 శాతం తగ్గించింది. సిబుట్రమైన్ ఎవరి గుండెకు హాని చేసిందో, దాదాపు అలాంటివారికే ఈ మందు మేలు చేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 సెప్టెంబరులో ఈ తరగతి మందుల్ని, షుగర్‌తో పాటు ఊబకాయం, గుండె లేదా కిడ్నీ జబ్బు ఉన్నవారి కోసం అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. ఆ డిసెంబరులో ఊబకాయానికి వీటి వాడకంపై మార్గదర్శకాలు ఇచ్చింది. అవి షరతులతో కూడిన సిఫార్సులే. దీర్ఘకాలిక సమాచారం ఇంకా చాలదని, ఖర్చు భారమని, చాలా దేశాల వైద్య వ్యవస్థలు ఇందుకు సిద్ధంగా లేవని సంస్థే చెప్పింది.

అమ్మేవారు చెప్పడానికి ఇష్టపడని సంగతి ఒకటుంది. మందు ఆపితే బరువు తిరిగి వస్తుంది. ‘స్టెప్-1’లో పాల్గొన్న కొందరిని మందు ఆపిన తర్వాత ఏడాది గమనించారు. తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు వెనక్కి వచ్చేసింది. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్‌లో కనిపించిన మేలు కూడా చాలావరకు జారిపోయింది. ఇది వాడినవారి క్రమశిక్షణ లోపం కాదు. ఒంటి తీరే అంత. మనిషి బరువు తగ్గగానే ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ పెరుగుతుంది, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ పడిపోతుంది. డైటింగ్‌తో బరువు తగ్గిన ఏడాది తర్వాత కూడా ఈ హార్మోన్లు సర్దుకోలేదని 2011లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. కొవ్వు పోయినకొద్దీ ఒళ్లు దాన్ని తిరిగి తెచ్చుకోవడానికే ప్రయత్నిస్తుంది. అందుకే ఈ మందు బీపీ మాత్ర లాంటిది. జబ్బు ఉన్నంతకాలం వాడాలి, ఆపితే జబ్బు తిరగబడుతుంది. పెళ్లికి ముందు రెండు నెలలు వాడి ఆపేసే అమ్మాయి, పెళ్లయిన ఏడాదికి మళ్లీ పాత బరువుకు చేరుకునే అవకాశమే ఎక్కువ.

అలా తిరిగి వచ్చేది కూడా పోయినది పోయినట్టుగా రాదు. తగ్గిన బరువులో పావు వంతు నుంచి సుమారు 40 శాతం దాకా కొవ్వు కాని కణజాలం ఉంటున్నట్టు వేర్వేరు అధ్యయనాలు చెబుతున్నాయి. అందులో కండ కూడా ఉంటుంది. తిరిగి పెరిగేటప్పుడు ఎక్కువగా కొవ్వే చేరుతుంది. తెలుగువారు ఈ విషయాన్ని మరింత గట్టిగా ఆలోచించాలి. మన ఇళ్లలో పళ్లెం నిండా అన్నం, ఓ గరిటె పప్పు లేదా చారు, కొద్దిగా కూర, చివర మజ్జిగ. మాంసం తినేవారిలోనూ చాలామందికి అది ఆదివారం ముచ్చటే. భారతీయులు తమ కేలరీల్లో 62 శాతాన్ని పిండిపదార్థాల నుంచే పొందుతున్నారని 2025లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం తేల్చింది. అసలే మాంసకృత్తులు తక్కువగా ఉన్న భోజనం ఇది. సూది మందుతో ఆకలి సగం చచ్చి, ఆ భోజనం కూడా సగానికి పడిపోతే ఒంటికి అందే మాంసకృత్తులు ఎన్ని? నాలుగు ముద్దలు తిని లేచేవాళ్లు ముందుగా వదిలేది పప్పును, గుడ్డును. అలవాటైన అన్నాన్ని కాదు. అరవై దాటిన ఆడవాళ్లు ఇలా కండ పోగొట్టుకుంటే బాత్‌రూమ్‌లో కాలుజారి తుంటి విరగ్గొట్టుకునే ముప్పు పెరుగుతుంది. ఈ మందు రాసే డాక్టరు అదే చీటీ మీద పప్పు, గుడ్డు, పెరుగు, శనగల లెక్క కూడా రాయాలి. కండకు పని చెప్పే వ్యాయామం పేరు పెట్టి చెప్పాలి. కేవలం నడవమంటే సరిపోదు. కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా పదిసార్లు లేచి కూర్చోవడం పల్లెలో పెద్దావిడైనా చేయగలదు.

దుష్ఫలితాల సంగతి క్లుప్తంగా చెబుతాను. వికారం, వాంతులు, విరేచనాలు, మలబద్ధకం మొదటి నెలల్లో చాలామందికి వస్తాయి. అందుకే తక్కువ మోతాదుతో మొదలుపెట్టి నెలకోసారి పెంచుతూ పోతారు. త్వరగా తగ్గాలని సొంతంగా మోతాదు పెంచుకున్నవారే వాంతులతో నీరసించి ఆసుపత్రుల పాలవుతారు. పిత్తాశయంలో రాళ్లు రావచ్చు. అరుదుగా క్లోమం వాస్తుంది. కడుపు పైభాగంలో ఆగకుండా వచ్చి వీపులోకి పాకే నొప్పి దాని లక్షణం. అది కనిపిస్తే మందు ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఒక రకం థైరాయిడ్ క్యాన్సర్ తమకు గానీ ఇంట్లోవాళ్లకు గానీ వచ్చి ఉంటే ఈ మందు వాడకూడదు. గర్భం రావాలనుకునే స్త్రీలు సెమాగ్లుటైడ్‌ను కనీసం రెండు నెలల ముందే ఆపాలి. టిర్జెపటైడ్ మొదలుపెట్టినప్పుడు, మోతాదు పెంచినప్పుడు గర్భనిరోధక మాత్రల ప్రభావం తగ్గవచ్చు. పెళ్లికి ముందు, పెళ్లయిన కొత్తలో ఈ సూదులు వాడాలనుకునే అమ్మాయిల్లో ఎంతమందికి ఈ ఆఖరి రెండు సంగతులూ ఎవరైనా చెబుతున్నారు? మెడికల్ షాపు కౌంటర్ దగ్గర ఇవి చెప్పేవారు ఉండరు. చీటీ ఎందుకు కావాలో ఈ ఒక్క ఉదాహరణ చాలు.

మరి ఈ మందు ఎవరికి అవసరం? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం స్త్రీలు, 31.1 శాతం పురుషులు అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉన్నారు. తెలంగాణలో స్త్రీలు 30.1 శాతం, పురుషులు 32.3 శాతం. దేశ సగటు స్త్రీలలో 24, పురుషులలో 22.9 శాతమే. రెండు రాష్ట్రాలూ సగటును ఎప్పుడో దాటేశాయి. 2023 నాటి ఐసీఎంఆర్-ఇండియాబ్ అంచనా ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవారు 10.1 కోట్ల మంది. ఇంకో 13.6 కోట్ల మంది ఆ గుమ్మంలో ఉన్నారు.

బరువు అంకె ఒక్కటే కథంతా చెప్పదు. పుణెకు చెందిన వైద్య పరిశోధకుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్ శాస్త్రవేత్త జాన్ యుడ్కిన్ 2004లో ‘లాన్సెట్’లో తమ ఇద్దరి ఫొటో, కొలతలు పక్కపక్కన ప్రచురించారు. ఎత్తుకు బరువుకు నిష్పత్తి అయిన బీఎంఐ ఇద్దరిదీ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. సన్నగా కనిపించే మన ఒళ్లు లోపల కొవ్వును దాచుకుంటుంది. పొట్ట చుట్టూ, కాలేయంలో పేరుకుంటుంది. అందుకే భారతీయులకు బీఎంఐ 23 దాటితే అధిక బరువుగా, 25 దాటితే ఊబకాయంగా మన వైద్యులు లెక్కిస్తారు. నడుము చుట్టుకొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదంటారు.

అయితే మౌన్‌జారో, వెగోవీలకు బరువు కోసం అనుమతి ఉన్నది బీఎంఐ 30 ఆపైన ఉన్నవారికి, లేదా 27 ఆపైన ఉండి షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ వంటి జబ్బు తోడైనవారికి. 155 సెంటీమీటర్ల ఎత్తున్న ఆడమనిషికి బీఎంఐ 30 అంటే దాదాపు 72 కిలోలు, 27 అంటే 65 కిలోలు. 58 కిలోలుండి యాభైరెండుకు రావాలనుకునే అమ్మాయి ఈ లెక్కలో ఎక్కడా లేదు. అదే ఎత్తులో 63 కిలోలుండి కాలేయంలో కొవ్వు, చుట్టాల్లో చిన్న వయసులోనే గుండెపోట్లు ఉన్న నలభై ఏళ్ల ఆమె ఈ అనుమతి గీతకు కాస్త అవతలే ఉండిపోతుంది. మన ఒంటి తీరుకు తగిన గీత ఎక్కడ గీయాలో మన దేశంలో, మనవాళ్ల మీద జరిగే అధ్యయనాలు తేల్చాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ, రెండు రాష్ట్రాల వైద్య కళాశాలలు ఈ పని నెత్తికెత్తుకోవాలి. అప్పటిదాకా గీతను సడలించాలా వద్దా అన్నది రోగిని ఎదురుగా కూర్చోబెట్టుకున్న వైద్యుడు నిర్ణయించాల్సిన విషయం. దుకాణదారుకు, ప్రకటనదారుకు అందులో పాత్ర లేదు.

ఇంజెక్షన్ల కన్నా ముందునుంచీ ఉన్న కౌంటర్ అమ్మకాల దుస్థితి వేరే కథ. ఏ మందులు చీటీ లేకుండా అమ్మవచ్చో చెప్పే స్పష్టమైన జాబితా మన చట్టంలో లేదు. చీటీ తప్పనిసరి అన్న షెడ్యూళ్లలో లేనిదల్లా స్వేచ్ఛగా అమ్మవచ్చన్నట్టు నడుస్తోంది. ఆ షెడ్యూళ్లలో ఉన్నవీ చాలాచోట్ల అడిగితే ఇచ్చేస్తారు. ఒళ్లు తగ్గడానికి థైరాయిడ్ మాత్రలు మింగేవారున్నారు. థైరాయిడ్ మామూలుగా ఉన్నవారు వాటిని మింగితే గుండె దడ, ఎముకల బలహీనత వస్తాయి. ఊబకాయానికి వీటిని వాడరాదని అమెరికాలో ఆ మందు సమాచార పత్రంలోనే గట్టి హెచ్చరిక ముద్రిస్తారు. విరేచనాల మందులు, మూత్రం ఎక్కువయ్యే మాత్రలు నీటిని పోగొడతాయి. కొవ్వును కాదు. తూకంలో రెండు కిలోలు తగ్గినట్టు కనిపించి ఒంట్లో పొటాషియం పడిపోతుంది. ఆర్లిస్టాట్ ఒక్కటి కాస్త నమ్మదగినది. తిన్న కొవ్వులో సుమారు 30 శాతాన్ని ఒంటికి పట్టనీయదు. కానీ ఆవకాయ నూనె, వేపుళ్లు మానకుండా అది వాడితే లోదుస్తులు తడిసేంత జిడ్డు విరేచనాలవుతాయి. ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటికి అందడం తగ్గుతుంది. పైగా తగ్గే బరువు కొద్దిపాటిదే.

అన్నిటికన్నా ప్రమాదకరమైనవి ‘ప్రకృతి సిద్ధం’ ముసుగు వేసుకున్న పొడులు, క్యాప్సూళ్లు. నిషేధించిన సిబుట్రమైన్‌ను మూలికల మందుల్లో రహస్యంగా కలిపి అమ్ముతున్నట్టు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎన్నోసార్లు పట్టుకుంది. ఇలాంటి మందులతో కాలేయం దెబ్బతిన్న కేసులు ప్రపంచమంతటా నమోదయ్యాయి. మూలికల పేరుతో అమ్మిన ‘హైడ్రాక్సీకట్’ను కాలేయ సమస్యలు, ఒక మరణం తర్వాత 2009లో అమెరికాలో వెనక్కి తీసుకున్నారు. మన పల్లెల్లో దీన్ని తిరగేసిన కథ కూడా నడుస్తోంది. కీళ్ల నొప్పులకు, ఆయాసానికి ఇచ్చే నాటు మందుల్లో స్టెరాయిడ్లు కలిపేవారు ఉన్నారు. నొప్పి ఇట్టే తగ్గుతుంది, ఏడాది తిరిగేసరికి ముఖం ఉబ్బి, పొట్ట పెరిగి, షుగర్ వస్తుంది. ఆ లావును తగ్గించుకోవడానికి మళ్లీ ఇంకో పొడి కొంటారు. ఊబకాయంతో వచ్చిన రోగిని ఇప్పటిదాకా ఏయే మందులు వాడుతున్నారో అడిగి, వాటి స్ట్రిప్పులు తెచ్చి చూపించమనడం వైద్యుడి మొదటి పని కావాలి.

ఈ దందాను ఆపడానికి కొత్త చట్టం అక్కర్లేదు. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కొన్ని జబ్బుల్ని నయం చేస్తామని, నివారిస్తామని ప్రకటనలు ఇవ్వడాన్ని నిషేధించింది. ఆ జబ్బుల జాబితాలో ఊబకాయం స్పష్టంగా ఉంది. దశాబ్దాల కిందటే దేశం ఈ మాట రాసుకుంది. అయినా ఊరి చివర గోడల మీద, కేబుల్ చానెళ్లలో, ఇప్పుడు ప్రతి ఫోన్‌లోనూ నెల రోజుల్లో పదిహేను కిలోల హామీ కనిపిస్తూనే ఉంది. కారణం ఊహించడం కష్టం కాదు. మొదటిసారి దొరికితే శిక్ష ఆరు నెలల జైలో, జరిమానానో. మళ్లీ దొరికితే ఏడాది. మళ్లీ దొరికినవారికి శిక్షను అయిదేళ్ల దాకా, జరిమానాను 50 లక్షల రూపాయల దాకా పెంచుతూ కేంద్రం 2020లో ఒక ముసాయిదా తెచ్చింది. అది ముసాయిదాగానే మిగిలింది. తెలంగాణ ఔషధ నియంత్రణ అధికారులు ఈ చట్టం కింద దాడులు చేసి, తప్పుడు హామీలు ముద్రించిన మందుల్ని పట్టుకున్న సందర్భాలున్నాయి. ఆ దాడులు అప్పుడప్పుడు కాకుండా నెలవారీ పనిగా సాగాలి, ఆంధ్రప్రదేశ్‌లోనూ సాగాలి.

నకిలీల సంగతి ఇంకా తీవ్రమైనది. 2024 జూన్‌లో నకిలీ సెమాగ్లుటైడ్ గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిక జారీచేసింది. బ్రెజిల్, బ్రిటన్, అమెరికాల్లో అలాంటి సరుకు దొరికింది. అంత గట్టి నిఘా ఉన్న దేశాల్లోనే అలా జరిగితే, చల్లదనంలో నిల్వ ఉంచాల్సిన ఈ మందు మన ఎండల్లో, బిల్లు లేకుండా, కొరియర్ సంచుల్లో తిరిగితే ఏమవుతుందో వేరే చెప్పాలా? ఫ్రిజ్‌లో ఉంచని చోట, బిల్లు ఇవ్వని చోట ఈ మందు కొనకూడదు. విదేశాల నుంచి వచ్చే చుట్టాల సూట్‌కేసుల్లో తెప్పించుకోవడమూ ఇదే కోవలోకి వస్తుంది. మోతాదు పెంచాల్సి వచ్చినప్పుడు, వాంతులు మొదలైనప్పుడు చూసే డాక్టరు ఎవరు?

ధర తగ్గడం మంచిదేనని నా అభిప్రాయం. ఆ మాట నిర్మొహమాటంగా చెప్పాలి. మౌన్‌జారో 2.5 మిల్లీగ్రాముల సీసా 3,500 రూపాయలతో వచ్చింది. అంటే నెలకు 14,000. వెగోవీ మొదటి మోతాదు నెలకు 17,345 రూపాయలతో వచ్చి, కొన్ని నెలలకే పోటీకి తలొగ్గి 10,850కి దిగింది. మన ఆరోగ్య బీమా పాలసీల్లో చాలావరకు ఆసుపత్రిలో చేరితేనే డబ్బులిస్తాయి, ఏళ్ల తరబడి ఇంట్లో వాడే మందుకు ఇవ్వవు. ఆ ధరలకు హైదరాబాద్ ఐటీ ఉద్యోగి కొనగలడు. షుగర్, బీపీ, మోకాళ్ల నొప్పులతో 85 కిలోల బరువు మోస్తూ పత్తి చేలోకి దిగే రైతు ఇల్లాలు కొనలేదు. నిజానికి మందు ముందు చేరాల్సింది ఆమెకే. దేశీయ కంపెనీలు ధరను తగ్గించగలవని ముందే రుజువైంది. 2024 జనవరిలో గ్లెన్‌మార్క్ లిరాగ్లుటైడ్ దేశీయ రూపాన్ని రోజుకు సుమారు 100 రూపాయల ఖర్చుతో తెచ్చింది. సెమాగ్లుటైడ్ ధర అంతకంటే దిగితే రాష్ట్ర ప్రభుత్వాలు టెండర్లతో కొని జిల్లా ఆసుపత్రుల్లో ఇవ్వగల స్థాయికి వస్తుంది. ఆ రోజు కోసం ఇప్పుడే సిద్ధం కావాలి. ఎవరికి ఇవ్వాలి, ఎవరు చూడాలి, ఎన్ని నెలలకోసారి రక్తపరీక్ష చేయాలి, ఎప్పుడు ఆపాలి అన్నవి రాసిపెట్టుకోవాలి. మందుతో పాటు పోషకాహార నిపుణురాలు ఉండాలి. చాలా జిల్లా ఆసుపత్రుల్లో ఆ ఉద్యోగమే లేదు.

లావుగా ఉన్నవారిని చులకన చేసే మాటలు కూడా ఈ చెడు మార్కెట్‌కు మేతే. తిని కూర్చుంటే లావు కాక ఏమవుతారు అనే మాట ఇంట్లో, పెళ్లిచూపుల్లో, ఒక్కోసారి డాక్టరు గదిలో కూడా వినబడుతుంది. ఆ మాట పడ్డ మనిషి వైద్యుడి దగ్గరికి పోదు. ఎవరికీ తెలియకుండా ఫోన్‌లో కొనుక్కునే పొడి దగ్గరికి పోతుంది. కుటుంబ చరిత్ర, హార్మోన్లు, నిద్ర, మానసిక ఒత్తిడి, ఇతర జబ్బులకు వాడే మందులు, చవకగా దొరికే తెల్లన్నం, నూనె కలిసి పుట్టించే జబ్బు ఇది. జబ్బుగా చూసినప్పుడే జబ్బుకు తగిన జాగ్రత్తతో మందు వాడతాం.

రెండు రాష్ట్రాల ఔషధ నియంత్రణ విభాగాలు ఈ మందుల అమ్మకాలను యాంటీబయాటిక్‌ల కంటే కఠినంగా గమనించాలి. చీటీ రాసిన డాక్టరు పేరు, కొన్నవారి వివరాలు దుకాణం రిజిస్టర్‌లో ఉండాలి. రోగిని చూడకుండా ఫోన్‌లో రెండు ప్రశ్నలకు జవాబు చెప్పించి చీటీ పుట్టించే యాప్‌ల మీద చర్య తీసుకోవాలి. వైద్య మండళ్లు బ్యూటీ క్లినిక్‌లలో ఈ సూదులు వేస్తున్నవారి అర్హతలు తనిఖీ చేయాలి.

ఇక ఇప్పటికే ఎవరి మాటో విని ఈ ఇంజెక్షన్లు వాడుతున్నవారికి ఒక మాట. సిగ్గుపడి దాచకండి. మీ డాక్టరు దగ్గరికి వెళ్లి ఇంజెక్షన్ పెన్ను చూపించండి, ఎప్పుడు మొదలుపెట్టారో, ఎంత మోతాదు తీసుకుంటున్నారో చెప్పండి. షుగర్ ఉండి ఇన్సులినో, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలో కూడా వాడుతుంటే ఇది మరీ ముఖ్యం, రెండూ కలిసి షుగర్‌ను ప్రమాదకరంగా పడగొట్టవచ్చు. ఏ ఆపరేషన్‌కైనా వెళ్లేముందు మత్తు డాక్టరుకు ఈ మందు పేరు తప్పక చెప్పండి. ముందురోజు రాత్రి నుంచి ఏమీ తినకపోయినా ఈ మందు వల్ల కడుపులో ఆహారం మిగిలి ఉండవచ్చు, మత్తులో అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.